గుఱ్ఱముతో బ్రదుకుతెరువు: అందలి లాభములు, కష్టములు

గడచిన వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చి నిలిచెను. వాని గ్రామము నిమ్మనపల్లెకు సమీపమున నున్నది. కొంతసేపు తల వంచుకొని యుండి, "అయ్యవారూ, గుఱ్ఱమును కొని బ్రదుకవచ్చునా?" అని యడిగెను. విచారింపగా సంగతి తెలిసినది. వాని మేనమామ తమిళదేశమునందలి అంతియూరు గుఱ్ఱపుసంతను చూచి వచ్చి, ఒక గుఱ్ఱమును కొని పెండ్లి యూరేగింపులకు బాడుగకు త్రిప్పినచో మంచి రాబడి వచ్చునని వాని తండ్రితో చెప్పెనట. తండ్రి తనకున్న మెట్టనేలను కుదువబెట్టి ధనము తేదలచెనట. వీడు బడి మాని గుఱ్ఱమును చూచుకొనవలెనట. "నాకును గుఱ్ఱములనిన చాల ఇష్టము, అయ్యవారూ" అని వాడు చెప్పునపుడు వాని కన్నులు మెఱసినవి.

నాకు వెంటనే బదులు తోచలేదు. వలదనుట సులభము, కాని ఏల వలదో చెప్పలేనివాడు వలదనరాదు. నాలుగు దినములు గడువడిగి, తెలిసినవారిని విచారించి, చదువవలసినది చదివి, చిన్ననాట కన్నులార చూచినదానిని జ్ఞప్తికి దెచ్చుకొని వానికి బదులు చెప్పితిని. ఈ ప్రశ్న వాని యొక్కనిదే కాదు. పశువును నమ్ముకొని బ్రదుకగోరు ప్రతి కుటుంబమును విచారింపవలసినదే. కావున ఆ సంగతులనే యిచట బాలబాలికలకును వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాను.

మన సీమయు గుఱ్ఱమును

మన ప్రాంతమున గుఱ్ఱము పేరు దాల్చిన కొండయే యున్నది. వాయల్పాడు దాటి పోయినచో గుఱ్ఱముకొండ దుర్గము కనబడును. ఆ దుర్గమును ఒక గుఱ్ఱము కాపాడుచుండెననియు, అది యున్నంతకాలము కోట శత్రువులకు లొంగదనియు పూర్వులు చెప్పుకొనెడివారు. తుదకు ఒక మహారాష్ట్ర నాయకుడు నిలువుబండ నెక్కి యా గుఱ్ఱమును దొంగిలించెనట. దిగునపుడు వాడు పట్టుబడినను, కోట మహిమ మాత్రము పోయెనట. ఇది కథయే. చరిత్రలో 1791వ సంవత్సరమున నిజాము సైన్యమును ఇంగ్లీషు కంపెనీ సైన్యమును కలిసి, టిప్పు సుల్తాను పాలననున్న యీ దుర్గమును ముట్టడించెను. అయినను ఆ కథయందొక నిజము దాగియున్నది: గుఱ్ఱముపై నాధారపడినవాని భాగ్యము గుఱ్ఱముతోడనే వచ్చును, గుఱ్ఱముతోడనే పోవును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మఱల దీనియొద్దకు వత్తము.

హార్స్లీ కొండల పేరు విని అదియు గుఱ్ఱమును బట్టియే వచ్చినదని మన పిల్లలు కొందఱు తలంతురు. అది పొరపాటు. కడప జిల్లా కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర 19వ శతాబ్దమున అచట వేసవిగృహమును కట్టుకొనుటచే ఆ పేరు కలిగినది. దానికి పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఆ దినములలో మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరెను.

కుప్పమున కావల, హోసూరు చేరువనున్న మత్తిగిరియందు కంపెనీవారు 1824 ప్రాంతమున సైన్యపు గుఱ్ఱములకై ఒక క్షేత్రమును నెలకొల్పిరి. 20వ శతాబ్దమున అది పశుక్షేత్రముగా మాఱెను. రాజులకును సైన్యములకును గుఱ్ఱము యుద్ధసాధనము. సామాన్యునికో, అది బండిలాగు జీవము. మన పట్టణములలో గుఱ్ఱముతో బ్రదికినవాడన జట్కావాడే.

జట్కావాని దినచర్య

మదనపల్లె రోడ్డు రైలుస్టేషను పట్టణమునకు దూరముగా నున్నదని మీరెఱుగుదురు. బస్సులును ఆటోలును తఱుచుగా లేని దినములలో, రైలు దిగినవారికి జట్కాయే శరణ్యము. జట్కా యనగా రెండు చక్రముల బండి. పైన వంపు తిరిగిన కప్పు; లోపల గడ్డి పఱచి దానిపై చాప వేయుదురు. ఎక్కువారు వెనుకనుండి యెక్కుదురు. అందఱును వెనుకనే కూర్చుండినచో ముందరి కాండ్లు పైకి లేచి గుఱ్ఱపు కడుపును పైకి లాగును. అందఱును ముందునకు జరిగినచో భారమంతయు దాని వీపుపై బడును. కావున బండివాడు ప్రయాణికులను "కొంచెము ముందుకు, అమ్మా, కొంచెము వెనుకకు" అని సర్దుచుండెడివాడు. త్రాసును గూర్చి తరగతిలో చదువు పాఠమును జట్కావాడు చదువకయే యెఱిగియుండెను.

నా బాల్యమున, 1989 ప్రాంతమున, మా వీథి చివర వృద్ధుడైన జట్కా సాయబు ఒకడుండెను. పిల్లలమందఱము ఆయనను తాతా యనియే పిలిచెడివారము. ఆయన తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచి, మొదట గుఱ్ఱపు నాలుగు కాళ్లను ఒక్కొక్కటిగా నెత్తి చూచెడివాడు. గిట్టలో రాయి చిక్కినదేమో, లాడము వదులైనదేమో యని తడవి చూచిన తరువాతనే వేఱు పని. పిమ్మట గొరపముతో మేను దువ్వును. నానిన ఉలవగుగ్గిళ్లను తవుడుతో కలిపి పెట్టును. అది మేయుచుండగా తాను టీ త్రాగును. ఉదయపు రైలునకు స్టేషను, పిమ్మట బజారు, మధ్యాహ్నము చింతచెట్టు నీడ, సాయంకాలము మఱల స్టేషను. రాత్రి యింటికి వచ్చినంతనే నీరు పెట్టడు. కొంతదూరము మెల్లగా నడిపించి, దాని చెమట ఆఱిన తరువాత కొంచెము కొంచెముగా త్రాగనిచ్చును. కాళ్లను గుడ్డతో తుడిచి, గడ్డి వేసి, అప్పుడు తాను భోజనమునకు కూర్చుండును.

ఒకనాడు నేను, "తాతా, నీ కాళ్లు నొప్పులు పెట్టుచుండగా దాని కాళ్లేల పిసుకుదువు?" అని యడిగితిని. ఆయన నవ్వి, "నాయనా, దాని కాలు నడిస్తేనే మా ఇంట్లో పొయ్యి మండేది" అనెను. గుఱ్ఱపు జీవనమునకు ఇంతకంటె చక్కని నిర్వచనమును నేను తరువాత ఏ పుస్తకమునందును చూడలేదు.

లాభములు

ఈ పనిలో లాభములు లేకపోలేదు. అవి స్వల్పములును కావు.

మొదటిది స్వాతంత్ర్యము. జట్కావానికి పైయధికారి లేడు. బండి తనది, గుఱ్ఱము తనది, ఏ దినపు కూలి ఆ దినమే చేతికి వచ్చును. నెల గడుచువఱకు వేచియుండనక్కఱలేదు.

రెండవది నేర్పు. "రౌతు కొద్దీ గుఱ్ఱము" అని మన సామెత. ఒకే గుఱ్ఱము ఒకని చేతిలో మొండిదగును, వేఱొకని చేతిలో బుద్ధి గలదగును. దాని చెవుల కదలికను చూచి భయమును, తోక విసరుటను చూచి చికాకును, మేత విడుచుటను చూచి రోగమును గ్రహించుట యేండ్ల తరబడి సాధనచే వచ్చు విద్య. బలముతో చేయు కూలిపని వయసు మీఱినకొలది తఱుగును. ఈ విద్యయో, వయసుతో పెరుగును. డబ్బు లేనివాడైనను గుఱ్ఱమును చక్కగా నడుపువానిని ఊరిలో గౌరవింతురు.

మూడవది చెలిమి. గుఱ్ఱము మనుష్యుని గుర్తుంచుకొనును. వెళ్లిన దారిని మఱువదు. సాయబు తాత కునుకు తీయుచుండగా ఆ గుఱ్ఱము తానే మలుపులు తిరిగి యింటి వాకిట నిలుచుట నేను పలుమాఱులు చూచితిని. ఒంటరితనము ఎఱుగని పని యిది.

నాల్గవది, ఇందు వృథాయగునది తక్కువ. గుఱ్ఱము దినమునకు పది కిలోలకు పైగా లద్దె వేయును. అది తోటలకు మంచి యెరువు. గుఱ్ఱమునకు పెట్రోలు అక్కఱలేదు; రోడ్డు లేని తావులకును పోగలదు. నేటికిని పాడేరు మన్యమునందలి కొన్ని కొండగ్రామములవారు రేషను బియ్యమును ఇంటికి తెచ్చుకొనుటకును, పండిన పంటను వారపుసంతకు చేర్చుటకును గుఱ్ఱములనే వాడుచున్నారు. మోటారు ఎక్కలేని దారిని గుఱ్ఱము ఎక్కును.

కష్టములు

ఇక రెండవ వైపు చూతము.

అన్నిటికంటె మొదటిది మేత. ఇచట మన బాలురు కొంచెము లెక్క కట్టవలెను. 300 కిలోల బరువు గల నాటుగుఱ్ఱమును తీసికొనుడు. గుఱ్ఱమునకు దినమునకు దాని బరువులో సుమారు నూటికి రెండు వంతుల ఎండుమేత కావలెను. అనగా 6 కిలోలు. సంవత్సరమునకు 365 దినములకు 2,190 కిలోలు. రెండు టన్నులకు పైమాట. నీరు దినమునకు 30 లీటర్లని యుంచుకొన్నను, ఏడాదికి 10,950 లీటర్లు. ఎండలో పని చేసినపుడు ఇంకను ఎక్కువ కావలెను. మన సీమలో ఉలవలు పండును, నిజమే; కాని వానలు తప్పిన యేడు ఉలవయు ప్రియమగును, గడ్డియు ప్రియమగును, నీరును ప్రియమగును. కఱవు యజమానునికంటె ముందు గుఱ్ఱమును తాకును.

మన బావులయందలి మోటార్లను ఐదు హార్సుపవరు, ఏడున్నర హార్సుపవరు అని చెప్పుకొందుము గదా. ఆ కొలతను 18వ శతాబ్దమున జేమ్సు వాట్ అను శాస్త్రజ్ఞుడు గుఱ్ఱముల పనిని బట్టి యేర్పఱచెను. నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పని ఒక హార్సుపవరు. నేటి లెక్కలో అది సుమారు 746 వాట్లు. అయితే మోటారునకును గుఱ్ఱమునకును ముఖ్యమైన భేదమొకటి కలదు. మోటారు నాపినచో కరెంటు ఖర్చు ఆగును. గుఱ్ఱమును నిలిపినచో దాణా ఆగదు. బాడుగ దొరకిన దినమును తినును, దొరకని దినమును తినును. జబ్బు పడిన దినమున మందును కూడ తినును. గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని పెద్దలు ఊరక యనలేదు.

రెండవది కాళ్లు. గిట్ట మన గోరువలె నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. కావున ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకమాఱు లాడములను విప్పి, గిట్టను చెక్కి, మఱల కొట్టించవలెను. ఏడాదికి ఏడెనిమిది మాఱులు. చేయి తిరిగినవాడు మేకును గిట్టయొక్క చచ్చుభాగమున మాత్రమే దించును. తెలియనివాడు రవ్వంత లోపలికి దించినను గుఱ్ఱము కుంటుపడును. లాడము కొట్టువారు మన పట్టణములలో నానాటికి అరుదగుచున్నారు.

మూడవది రోగము. గుఱ్ఱపు శరీరము బలిష్ఠమైనదే కాని దాని కడుపు మిక్కిలి సుకుమారము. దేహమును బట్టి చూడగా జీర్ణాశయము చిన్నది. మనమువలె అది వాంతి చేసికొనలేదు. తిన్నది లోపల పులిసి ఉబ్బినచో బయటికి వచ్చు దారి లేదు. అందుచే కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను, ఒక్కమాఱుగా పెట్టరాదు. ఈ సంగతి తెలియకపోవుటచే ఎంత నష్టము కలుగునో నేను కన్నులార చూచితిని.

ఒక పండుగ సాయంకాలము. ఆ దినమున సాయబు తాతకు బాడుగలు బాగుగా దొరకినవి. ఆయన పట్నమునుండి వచ్చు బంధువులను చూచుటకై పోవుచు, ఇంటనున్న మనుమనితో, "పాపం, దినమంతా పరిగెత్తింది, కడుపునిండా పెట్టు" అని చెప్పి పోయెను. మనుమడు ప్రేమతో రెండు దినముల గుగ్గిళ్లను ఒక్కమాఱే తొట్టిలో పోసెను. రాత్రి గుఱ్ఱము నేలపై దొర్లుచు, మాటిమాటికి తన డొక్కవైపు తల త్రిప్పి చూచుకొనసాగెను. తాత వచ్చి దానిని లేపి నడిపించెను. తెలిసిన మందులు పోసెను. పశువైద్యుడు వచ్చునప్పటికి తెల్లవాఱినది. ప్రొద్దెక్కకముందే అది ప్రాణము విడిచెను. చంపినవాడు శత్రువు కాడు, దొంగ కాడు, ప్రేమించిన పిల్లవాడే. అటుపిమ్మట తాత మఱియొక గుఱ్ఱమును కొనలేకపోయెను. కొంతకాలమునకు ఆయన టమోటా మండీయందు తట్టలు మోయుట చూచితిమి. ఆ యింటి గోడకు కళ్లెము మాత్రము చాల యేండ్లు వ్రేలాడుచుండెను.

ఇతర రోగములును గలవు. సర్రా యను జ్వరము ఈగకాటువలన వచ్చును. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1880వ సంవత్సరమున గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు నాటి అవిభక్త భారతదేశమునందు కనుగొనెను. గ్లాండర్స్ అను వ్యాధి మిక్కిలి భయంకరమైనది. అది గుఱ్ఱమునుండి మనుష్యునికిని అంటును. దానిని అణచుటకై 1899లోనే ప్రత్యేకమైన చట్టము పుట్టెను. ఆ వ్యాధి యున్నట్లు పరీక్షలో తేలిన గుఱ్ఱమును బ్రదుకనీయరు.

నాల్గవది దేహమునకు అపాయము. గుఱ్ఱపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే తన చుట్టును దాదాపు అన్ని వైపులను చూడగలదు గాని, సరిగా వెనుకభాగము దానికి కనబడదు. చప్పుడు చేయక వెనుకకు పోయినవానిని శత్రువని తలంచి తన్నును. అది దాని దోషము కాదు. పూర్వము అడవిలో క్రూరమృగములు వెంబడించినపుడు దానికి ప్రాణరక్షణమైన గుణమే యది. ఒక్క తన్నునకు ఎముక విఱుగవచ్చును. గుఱ్ఱపుసాలలో పని చేయువానికి చిన్న గాయమైనను ధనుర్వాతపు సూదిమందు తప్పనిసరి.

ఐదవది విరామము లేకుండుట. మనకు ఆదివారము కలదు, పండుగలు కలవు. గుఱ్ఱపు కడుపునకు ఆదివారము లేదు. యజమానునికి జ్వరము వచ్చినను, ఇంట శుభాశుభములు జరిగినను, ఉదయమున ఎవరో యొకరు లేచి దానికి మేత వేయవలెను.

ఆఱవది కాలము మాఱుట. బస్సు వచ్చెను, ఆటో వచ్చెను, జట్కా పోయెను. గుఱ్ఱపువాని నేర్పులో లోపమేమియు లేదు. అయినను వాని బజారు వాని చేతిలో లేదు.

చట్టమును గూర్చియు ఒక మాట. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి 1965లో ఏర్పడిన నిబంధనల ప్రకారము, బండి లాగు పశువుచే దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. విరామము లేక ఐదు గంటలకు మించి నడుపరాదు. ఎండ 37 డిగ్రీలు మించు తావులలో మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవఱకు పని చేయింపరాదు. బండివాడును ఆఱేండ్లలోపు పిల్లలును గాక నలుగురికంటె ఎక్కువమందిని ఎక్కింపరాదు. కొందఱు దీనిని కష్టములలో చేర్తురు. నేను చేర్చను. మంచి గుఱ్ఱపువాడు చట్టము పుట్టకముందే ఈ విధముగా నడచుకొనుచుండెను. ఏలయన, అలసిన గుఱ్ఱము మఱునాటి కూలిని తినివేయునని వాడెఱుగును.

నష్టము నెవరు భరింతురు?

లాభకష్టములను ప్రక్కప్రక్కను పెట్టి చూచినచో రెంటికిని మూలమొక్కటియే యని తెలియును. గుఱ్ఱము ప్రాణముగల ధనము. ప్రాణమున్నది గనుకనే అది మనలను ఎఱుగును, దారి నేర్చును, చెలిమి చేయును. ప్రాణమున్నది గనుకనే తినును, జబ్బు పడును, చచ్చును. ఇందు ఒకటి కావలెను, రెండవది వలదనుటకు వీలు లేదు. కావున గుఱ్ఱమును కొనువాడు మొదట అడుగవలసిన ప్రశ్న "ఎంత రాబడి?" యని కాదు, "ఇది చచ్చినచో ఆ నష్టము నెవరు భరింతురు?" అని.

ఈ ప్రశ్నను మన సీమవాడే యైన యొక రాజు చక్కగా నెఱిగియుండెను. చంద్రగిరి నేలి, 1485 ప్రాంతమున విజయనగర సింహాసనము నధిష్ఠించిన సాళువ నరసింహరాయలకు సైన్యమునకై గుఱ్ఱములు కావలసివచ్చెను. అవి ఓర్ముజు, ఏడెను రేవులనుండి ఓడలలో రావలెను. త్రోవలో అనేకములు చచ్చెడివి. ఆ భయముచే వర్తకులు వెనుదీయకుండుటకై రాయలు ఒక యేర్పాటు చేసెనని న్యూనిజ్ అను పోర్చుగీసువాడు 16వ శతాబ్దమున వ్రాసియున్నాడు. గుఱ్ఱములను సజీవములైనను మృతములైనను మూడింటికి వేయి పర్దావుల చొప్పున కొనెనట. సముద్రముమీద చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను, బ్రదికియున్నదానికి వలెనే వెల చెల్లించెనట.

రాజు నష్టమును తనపై వేసికొనెను గనుక వర్తకులు నిర్భయముగా గుఱ్ఱములను తెచ్చిరి. మన జట్కా తాతకు అట్టి రాజు లేడు. ఆయన గుఱ్ఱపు తోకను పట్టుకొని యెవరి వాకిట నిలుచును? నేడు పశుబీమా యున్నది. ప్రభుత్వపు పశుబీమా పథకములలో గుఱ్ఱములు, గాడిదలు మొదలగు బరువుమోయు జంతువులకును చోటు కలదు. గుఱ్ఱమును కొనదలచువాడు, జీనును కొనుటకంటె ముందుగా పశువైద్యశాలకు పోయి దీనిని విచారించుట మేలు.

నేటి గుఱ్ఱపు పనులు

జట్కా పోయినంతమాత్రమున గుఱ్ఱపు పనులన్నియు పోలేదు. కొన్ని సొంత గుఱ్ఱముతో చేయునవి. మఱికొన్ని ఇతరుల గుఱ్ఱములకు సేవచేసి జీతము పొందునవి. ఈ భేదము ముఖ్యమైనది.

పెండ్లి యూరేగింపులు, సముద్రతీరములందు పిల్లల నెక్కించుట మొదలగునవి మొదటి జాతివి. ఇందు లాభమును యజమానునిదే, నష్టమును యజమానునిదే.

రెండవ జాతి పనులు పెక్కు కలవు. హైదరాబాదు మలకుపేటలో 19వ శతాబ్దమునుండి పందెపు మైదానము కలదు. అచట గుఱ్ఱములను సాకువారు, ఎక్కువారు, లాడము కొట్టువారు, వైద్యము చేయువారు వేఱువేఱుగా నున్నారు. పందెముపై డబ్బు ఒడ్డుట వేఱు, గుఱ్ఱమును సాకి జీతము తీసికొనుట వేఱు. మొదటిదానిని మన పిల్లలకు ఎన్నడును ఉపదేశింపను. హైదరాబాదు పోలీసులకు అశ్వదళము కలదు. సైన్యమునందు గుఱ్ఱములకును ఇతర జంతువులకును ప్రత్యేకమైన పశువైద్యదళము కలదు. దాని శిక్షణాలయము మీరట్ నగరమున నున్నది. ఇక చదువు వైపు చూచినచో, తిరుపతియందు 1955లో పశువైద్య కళాశాల వెలసెను. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము ఏర్పడెను. పదవ తరగతి చదివినవారికి అచటి పశుసంవర్ధక పాలిటెక్నికులలో రెండేండ్ల డిప్లొమా కలదు.

బాలునికి చెప్పిన బదులు

నాలుగు దినముల పిమ్మట ఆ బాలుని, వాని తండ్రిని, మేనమామను మా యింటికి పిలిచితిని. అరుగుపై కూర్చుండి గడచిన సంవత్సరపు పంచాంగమును తెఱచితిమి. ఆషాఢము, పుష్యము, మూఢము తీసివేసి పెండ్లి ముహూర్తములున్న దినములను ఆ బాలునిచేతనే లెక్కింపించితిని. అప్పుడు వాడే యొక సంగతిని కనుగొనెను. "మంచి ముహూర్తమునాడు పది యిండ్లలో పెండ్లి జరుగును, మన గుఱ్ఱము ఒక్క యింటికే పోగలదు. ముహూర్తము లేనినాడు ఎవరును పిలువరు" అనెను. గుఱ్ఱము తిను దినములు 365. సంపాదించు దినములు వానిలో ఏ కొద్దియో. ఇక కుదువపై వడ్డియో, గుఱ్ఱమువలెనే దినదినమును తినును. ఒక యింట రెండు నోళ్లు ఇట్లు తినుచుండగా నేల నిలుచునా?

మేనమామ కొంచెము నొచ్చుకొనెను. ఆయన దురాశాపరుడు కాడు. మంచి యుద్దేశముతో చెప్పినవాడే. తండ్రి చాలసేపు మాటాడలేదు. చివరకు, "భూమి ముట్టేది లేదు అయ్యవారూ. బావ సొంత డబ్బుతో కొంటే మేం కసువు కోసి ఇస్తాం" అనెను. ఆ యొడంబడిక నాకు న్యాయముగనే తోచినది.

బాలుని ముఖము మాత్రము చిన్నబోయినది. వారు లేచి పోవునపుడు వానిని నిలిపి, "నీ యిష్టమును విడువుమని నేను చెప్పలేదు. నాకు తెలిసిన యొక గుఱ్ఱము ప్రేమ లేక చావలేదు. తెలివి లేక చచ్చినది. నీవు ఆ తెలివిని సంపాదించుకొనుము" అని చెప్పి, జట్కా తాత కథను వానికి చెప్పితిని. వాడు విని, "ఆ రాత్రి వైద్యుడు దగ్గఱనే యుండినచో బ్రదికియుండునా, అయ్యవారూ?" అని యడిగెను. బ్రదికియుండవచ్చునని చెప్పితిని.

వాడిప్పుడు పదవ తరగతిలో నున్నాడు. మేనమామ తన డబ్బుతో కొన్న గుఱ్ఱమునకు సెలవు దినములలో గొరపము వేయుచున్నాడు. దానికి ఏ పూట ఎంత మేత పెట్టినది ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుచున్నాడు. మొన్న నాకు ఆ పుస్తకమును తెచ్చి చూపెను. అందు మొదటి పుటమీద, "కొంచెము కొంచెముగా, పలుమాఱులు" అని పెద్ద యక్షరములతో వ్రాసికొనియున్నాడు.